ఆ సీసా ఇంట్లోకి ఎలా వచ్చింది?

నా బల్ల మీద ఒక ఖాళీ సీసా ఉంది. అర లీటరుది. మూత బిగించి, పాలిథిన్ సంచిలో రెండు చుట్లు చుట్టి, పిల్లల చేతికి అందకుండా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. ఇది రాయాలని ఇవాళ బయటికి తీశాను. చీటీ మీద మొన మీద నిలబెట్టిన చతురస్రం, దాన్ని అడ్డంగా కోస్తే వచ్చిన రెండు త్రికోణాలు. కింది త్రికోణం నిండా పసుపు. మన చట్టం ప్రకారం ఎరుపు అన్నిటికన్నా ఘోరమైన విషం, దాని తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. పుర్రె, ఎముకల గుర్తు ఎర్ర త్రికోణం సీసాలకే వేయాలి. దీని మీద పుర్రె లేదు. ‘విషం’ అన్న మాట మాత్రం ఎర్రగా ఉంది. సీసాతో పాటు ఇచ్చే కాగితం మడతలు విప్పితే చేటంత అయింది, అక్షరాలు మాత్రం ఆవగింజలంత. భూతద్దం పెట్టి వెతికాను. విరుగుడు అన్న చోట రాసి ఉంది: ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలను బట్టి వైద్యం చేయాలి.

మా వైపు దీన్ని గడ్డిమందు అంటారు. కంపెనీల పేర్లు పది ఉన్నా లోపల ఉన్నది ప్యారాక్వాట్.

ఈ సీసా మా చిన్నాన్న కొడుకు పశువుల పాకలో చూరు కింద ఉండేది. వాడు కౌలు రైతు. గోదావరి లంకలో రెండెకరాలు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక గేదె. ఆ సాయంత్రం డబ్బు దగ్గర ఇంట్లో మాటా మాటా పెరిగింది. అరగంట కోపం, అంతే. ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లాం. మర్నాడు పొద్దున నేను మళ్లీ వెళ్లేసరికి ఆస్పత్రి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని, “అన్నయ్యా, బుద్ధి గడ్డి తిని చేశాను. నాకు బతకాలని ఉంది. పిల్లల్ని ఒకసారి తీసుకురా” అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి, మనిషి ఇలాగే తెలివిగా మాట్లాడతాడని, ఊపిరితిత్తులు మాత్రం రోజురోజుకీ గట్టిపడిపోతాయని, తమ చేతిలో ఏమీ లేదని చెప్పారు. ఎనిమిది రోజులు వాడు బతకాలని కోరుకుంటూనే ఉన్నాడు. తొమ్మిదో రోజున తీసుకొచ్చేశాం.

దినం అయ్యేదాకా వచ్చిన వాళ్లందరూ ఒకటే అడిగారు. ఎందుకు తాగాడు? అప్పులా? పెళ్లాంతో గొడవా? మందు అలవాటుందా? పోలీసులూ అదే రాసుకున్నారు, విలేకరీ అదే రాసుకున్నాడు. పేపర్లో ఆరు లైన్లు వచ్చాయి: కుటుంబ కలహాలతో మనస్తాపం చెంది. వాడి భార్య ఇప్పటికీ తలెత్తి వీధిలోకి రావడం లేదు, ఆ రెండు మాటలు తన మీద వేసిన తీర్పులాగా ఉన్నాయి కనుక. అంతమందిలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. నేను కూడా అప్పుడు అడగలేదు. ఆ సీసా ఆ ఇంట్లోకి ఎలా వచ్చింది? గుక్కెడు తాగితే ఏ డాక్టరూ వెనక్కి తేలేని విషాన్ని, పశువుల పాకలో పలుపుతాడు పక్కన పెట్టుకునేలా అమ్మడానికి ఎవరు ఒప్పుకున్నారు?

ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు. ఫరీదాబాద్‌లో కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు, దాని పక్కనే రిజిస్ట్రేషన్ కమిటీ ఉన్నాయి. 1968 నాటి చట్టం కింద పుట్టినవి. అక్కడ నంబరు పడితేనే ఏ మందైనా దేశంలో అమ్మాలి. ఆ నంబరు నా సీసా మీద కూడా ఉంది. ఆ చట్టమైనా ఊరికే రాలేదు. 1958లో కేరళలో ఓడలో పురుగుమందుతో కలిసి వచ్చిన పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ, ఆ తర్వాత పదేళ్లకు చట్టం. మొదటి నుంచీ మన పద్ధతి ఇదే: ముందు పాడె, తర్వాత ఫైలు.

ఆ చట్టంలో రాష్ట్రానికి ఇచ్చిన అధికారం ఎంతో చాలామందికి తెలియదు. వ్యవసాయం రాష్ట్రాల విషయం అంటారు గదా. కానీ ప్రజల ప్రాణాలకు ముప్పని తేలిన మందును మన రాష్ట్రం ఆపాలనుకుంటే 60 రోజులు ఆపగలదు, ఇంకో 30 రోజులు పొడిగించగలదు. అంతటితో సరి. మొత్తం 90 రోజులు, ఒక్క దాళ్వా పంట కాలం కూడా కాదు. పూర్తిగా తీసేయాలంటే ఢిల్లీ తలచుకోవాలి. ఢిల్లీ ఎలా తలచుకుంటుందో కొబ్బరి కథ చెబితే అర్థమవుతుంది, దాని దగ్గరకు వస్తాను.

ముందు మా మండలం సంగతి. పురుగుమందుల ఇన్‌స్పెక్టరు అంటే మా దగ్గర వేరే ఉద్యోగి ఎవరూ లేరు, మండల వ్యవసాయాధికారే. ఎరువుల ఇన్‌స్పెక్టరూ ఆ అధికారే, విత్తనాల ఇన్‌స్పెక్టరూ ఆ అధికారే. ఈ-క్రాప్ నమోదు, తుపాను వస్తే పంట నష్టం లెక్క, కౌలు కార్డులు, ధాన్యం కొనుగోళ్ల గొడవ అన్నీ ఆ ఒక్కరి నెత్తినే. మా వాడు పోయిన నెల రోజులకు ఆ అధికారి దగ్గరకు వెళ్లాను. చిన్న వయసు ఆవిడ. మంచి మనిషి. పక్క మండలానికి కూడా ఇంచార్జి. నేను చెప్పిందంతా విని, “మాస్టారూ, నేను షాపుకెళ్లి శాంపిల్ తీస్తానండి. మూడు భాగాలు చేసి సీలేసి ఒకటి ల్యాబుకు పంపుతాను. వాళ్లు చూసేది ఒక్కటేనండి. చీటీ మీద రాసినంత శాతం మందు లోపల ఉందా లేదా అని. ఉంటే పాస్” అంది.

ఆ మాట విన్నాక రెండు రోజులు అన్నం సహించలేదు నాకు. సీసాలో విషం తగ్గితే నేరం. చీటీ మీద రాసినంతా ఉంటే సర్కారు ముద్ర. అంటే మా వాడి ప్రాణం తీసిన సీసా పరీక్షలో పాసైన సీసా. నకిలీ మందు రైతును ముంచుతుంది, దాన్ని పట్టుకోవలసిందే, కాదనను. కానీ అసలు మందు మనిషిని చంపుతుంటే చూడవలసిన కుర్చీ ఏ ఆఫీసులో ఉంది? మండలంలో లేదు, అమలాపురంలో లేదు, రాష్ట్రంలో లేదు. ఫరీదాబాద్‌లో ఉన్న కుర్చీకి మా లంకలో ఎవరు ఏ సీసాతో పోతున్నారో చెప్పే మనిషి లేడు.

చెప్పడానికి ఆధారం కూడా ఉండదు. ఆ రాత్రి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఎవరో చెబితే సీసా కూడా సంచిలో వేసుకుని పట్టుకెళ్లాను. పేరు చూస్తే వైద్యానికి పనికొస్తుందని. అక్కడ కేసు షీటు రాస్తున్న కుర్రాడు తలెత్తకుండా ‘పురుగుమందు’ అని రాశాడు. గడ్డిమందండీ, ఇదిగో సీసా అన్నాను. పురుగుమందును కొట్టేసి ‘విషం’ అని రాశాడు. పేరు లేదు, కంపెనీ లేదు, బ్యాచి నంబరు లేదు. ఆ కుర్రాడిని నేను తప్పు పట్టను. ఆ షీటులో ఆ వివరానికి గడి లేదు. పోస్టుమార్టం తర్వాత శరీర భాగాలు పరీక్షకు పంపారు, నెలలు గడిచాక వచ్చిన రిపోర్టు పోలీసు ఫైల్లోకి వెళ్లిపోయింది. కేసు మూసేయడానికి తప్ప దాన్ని ఇంకెవరూ చదవరు. దేశంలో 2021లో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వారిలో దాదాపు నాలుగో వంతు విషం వల్ల. ఏ విషం? ఏ సీసా? ఏ త్రికోణం? ఆ గడి నింపే పని ఎవరికీ అప్పజెప్పలేదు. పేరే తెలియని హంతకుడి మీద వారంటు ఎవరు రాస్తారు?

ఇది తప్పించలేని విధి అనేవాళ్లకు సముద్రం అవతల ఒక దేశం ఉంది. శ్రీలంక. 1995లో అక్కడ లక్ష మందికి 57 మంది ఆత్మహత్య చేసుకునేవారు, ప్రపంచంలోనే అతి ఎక్కువల్లో ఒకటి. మనలాగే వరి పండించే పల్లెలు, మనలాగే ఇంటి చూరులో పురుగుమందు. వాళ్లకు 1980లోనే పురుగుమందుల నియంత్రణ చట్టం వచ్చింది. పేరాదెనియాలో పురుగుమందుల రిజిస్ట్రారు కార్యాలయం ఉంది. పెద్ద భవనమేమీ కాదు, కొద్దిమంది ఉద్యోగులు. ఆ కార్యాలయం ఆస్పత్రుల లెక్కలు చూసింది. ఏ మందు తాగినవాళ్లు ఎక్కువగా పోతున్నారో చూసి వాటిని ఒక్కొక్కటిగా తీసేసింది. 1995లో మోనోక్రోటోఫాస్, మెథామిడోఫాస్. 1998లో ఎండోసల్ఫాన్. 2008 నుంచి 2011 లోపు డైమిథోయేట్, ఫెంథియాన్, ఈ ప్యారాక్వాట్. 2015 నాటికి ఆత్మహత్యలు లక్షకు 17కు పడిపోయాయి. ఇరవై ఏళ్లలో 93 వేల ప్రాణాలు నిలిచాయని పరిశోధకులు లెక్కగట్టారు. ప్రభుత్వానికి అయిన ఖర్చు ప్రాణానికి 50 డాలర్లు కూడా కాదు. మన డబ్బులో నాలుగు వేల చిల్లర. మా వాడికి ఎనిమిది రోజుల ఆస్పత్రి బిల్లు లక్షా నలభై వేలు.

వరి దిగుబడి తగ్గిందా? తగ్గలేదు. జనం గొడవలు మానేశారా, అప్పులు లేకుండా పోయాయా? అదీ లేదు. కోపం వచ్చిన రాత్రి చేతికి దొరికిన సీసా చంపేది కాకుండా పోయింది, అంతే తేడా. వాంతులయ్యాయి, ఆస్పత్రికెళ్లారు, బతికారు. అలా బతికి బయటపడ్డవాళ్లలో చాలామంది మళ్లీ ఆ పని చేయరని డాక్టర్లు చెబుతారు. మా వాడు రెండో రోజు పొద్దున అడిగింది ఆ రెండో అవకాశమే. (2021లో అదే దేశం రసాయన ఎరువులన్నీ ఒక్కసారిగా ఆపి చేతులు కాల్చుకున్న సంగతి ఎవరైనా ఎత్తుతారని తెలుసు. అది వేరు. అది రాత్రికి రాత్రి తీసుకున్న రాజకీయ నిర్ణయం. ఇది ముప్పై ఏళ్లు లెక్కలు చూసి, ఒక్కో మందుకు బదులు మందు చూపించి చేసిన పని.)

ఇప్పుడు కొబ్బరి కథ. కోనసీమలో కొబ్బరి రైతు ఇంట పుట్టినవాడికి మోనోక్రోటోఫాస్ అంటే చెప్పక్కరలేదు. చెట్టుకు నల్లతల గొంగళి పురుగు వచ్చినా, ఇరియోఫిడ్ నల్లి పట్టినా వేరు ద్వారా ఎక్కించింది అదే. చెట్టు మొదట్లో తవ్వి, పెన్సిలంత లేత వేరు వెతికి, ఏటవాలుగా కోసి, మందు కలిపిన చిన్న పాలిథిన్ సంచి దానికి తొడిగి దారంతో కట్టేవారు. నా చిన్నప్పుడు ఆ దారం పట్టుకున్నవాడిని నేనే. చేతులకు తొడుగులా? వాటి పేరు కూడా వినలేదు. మందు ఎక్కించాక 45 రోజుల వరకు కాయ కోయకూడదని శాస్త్రవేత్తలు చెప్పేవారు. దింపు తేదీ వచ్చి, కొట్లో బాకీ ఉన్న రైతు 45 రోజులు ఎలా ఆగాడో ఎవరైనా చూశారా? చూడమని ఎవరినైనా పెట్టారా?

ఆ మందు ఎర్ర త్రికోణం మందు. శ్రీలంక దాన్ని 1995లో తీసేసింది. దాన్ని నిషేధించే సంగతి ఇండియా ఆలోచించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది. 2013 జులై 16న బీహార్‌లో ఛప్రా దగ్గర బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ అన్నంలో కలిసింది మోనోక్రోటోఫాస్. ఇరవై ముగ్గురు పిల్లలు! ఆ రోజే, ఆ వారమే, పోనీ ఆ ఏడే అది దేశంలో ఆగిపోవాలి కదా? 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా పోయారు. 2020 మేలో 27 మందులను నిషేధిస్తామని కేంద్రం ముసాయిదా తెచ్చింది. కంపెనీలు వచ్చాయి, అభ్యంతరాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, ఆ జాబితాలో ఎక్కువ భాగం జారిపోయింది. 2023 సెప్టెంబరులో, శ్రీలంక మానేసిన 28 ఏళ్లకు, ఛప్రా పిల్లల్ని పూడ్చిన పదేళ్లకు, మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ పదేళ్లలో పోయినవాళ్లను ఎవరి ఖాతాలో రాయాలి? ప్యారాక్వాట్‌కు అలాంటి ఉత్తర్వు కోసం ఇంకెంతమందిని మోయాలి? 70కి పైగా దేశాల్లో దాన్ని ఆపేశారు. స్విట్జర్లాండ్ 1989లోనే వద్దంది. ఐరోపా సమాఖ్యలో 2007లో ఆగిపోయింది. దక్షిణ కొరియా, వియత్నాం, థాయిలాండ్, మలేసియా, బ్రెజిల్, చైనా... వాళ్ల పొలాల్లో గడ్డి మొలవదా?

మందు లేకపోతే చెట్టు బతకదన్నది కూడా నిజం కాదని మా అంబాజీపేట చూపించింది. అక్కడి ఉద్యాన పరిశోధనా స్థానంలో నల్లతల గొంగళి పురుగును తినే బదనికలను పెంచి రైతులకు ఇస్తున్నారు. కొన్నేళ్ల కిందట సర్పిలాకార తెల్లదోమ వచ్చి కొబ్బరాకులు నల్లగా మసి పట్టినప్పుడు దాన్ని చంపే ఒక శిలీంధ్రాన్ని తయారు చేసి పంచారు. ప్రభుత్వ ల్యాబే, మన పన్నులతో నడిచేదే. అక్కడికి మా లంక ఎంత దూరమో, కోనసీమలో ఉన్న కొబ్బరి చెట్లెన్నో ఒక్కసారి లెక్కేస్తే, అలాంటి ల్యాబు ఒక్కటి ఉంటే సరిపోతుందా అన్నది అడగక్కరలేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల ఇరవై ఏళ్ల కిందటే పురుగుమందు లేని ఊరినని ప్రకటించుకుంది. దారి లేదని కాదు, ఆ దారికి డబ్బు లేదు, మనుషులు లేరు.

డబ్బు లేదన్న మాట నేను ఒప్పుకోను. రొయ్య దగ్గర డబ్బు ఉంది. అంతర్వేది నుంచి కాట్రేనికోన దాకా చెరువులే గదా. రొయ్యలో నిషేధించిన యాంటీబయాటిక్ ఉందేమోనని పట్టుబడికి ముందే పరీక్ష చేస్తారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ల్యాబులు పెట్టింది, భీమవరంలో నాణ్యత పరీక్ష కేంద్రం ఉంది. వంద కోట్లలో ఒకటి రెండు పాళ్లు తేడా వచ్చినా సరుకు వెనక్కి వస్తుంది. ఐరోపా సమాఖ్య 2016లో మన రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచితే ఇక్కడ ఆఫీసులన్నీ నిద్ర లేచాయి. చేయగలరని అప్పుడే తెలిసింది! పరికరాలు వస్తాయి, మనుషులు వస్తారు, రిపోర్టు రెండు రోజుల్లో వస్తుంది. ఎవరో బ్రస్సెల్స్‌లో తినే రొయ్యకు. ఆ చెరువు గట్టు మీద ఉన్న మనిషి తాగే కాలువ నీళ్లకు, తినే బీరకాయకు, ఇంట్లో పెట్టుకున్న సీసాకు అందులో పదో వంతు చూపు లేదు. మా ప్రాణానికి కొనుగోలుదారు లేడనా?

2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందా? అప్పట్లో అది మాకు గోదావరి దాటితే పక్క జిల్లా. ఉన్నట్టుండి వీధుల్లో జనం మూర్ఛ వచ్చి పడిపోయారు, 600 మందికి పైగా. ముఖ్యమంత్రి వచ్చారు, కేంద్ర బృందాలు వచ్చాయి. నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కు, హైదరాబాద్‌లో సీసీఎంబీకి, ఐఐసీటీకి, జాతీయ పోషకాహార సంస్థకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. పురుగుమందుల అవశేషాలన్నారు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు అమ్మారు, మళ్లీ రాకుండా ఏ తలుపు మూశారు? ఏలూరు వాళ్లను అడగండి. తన జనం ఏ విషంతో పడిపోతున్నారో ఆ రోజుకు ఆ రోజు పేరు పెట్టి చెప్పలేని ప్రభుత్వం, ఆ విషాన్ని ఆపుతుందని ఎలా నమ్మాలి?

నా చేతిలో ఉన్న ఈ సీసా మీద సర్కారు వసూలు చేసిన పన్ను నూటికి 18 రూపాయలు. పురుగుమందులకు జీఎస్టీ అది. దేశం మొత్తం మీద అమ్మిన ప్రతి సీసా మీదా. అందులో ఒక్క రూపాయి, వద్దు, పావలా తీసి ఆస్పత్రుల్లో ఏ మందో రాసే గుమాస్తాకు, జిల్లాకో విష పరీక్ష కేంద్రానికి, రిజిస్ట్రేషన్ కమిటీలో చావుల లెక్క చూసే నలుగురు శాస్త్రవేత్తలకు పెడితే చాలదా? బయటి సాయం కావాలంటే అదీ ఉంది. 2023 సెప్టెంబరులో జర్మనీలోని బాన్‌లో దేశాలన్నీ కూర్చుని రసాయనాల మీద ప్రపంచ ఒడంబడిక చేసుకున్నాయి, పేద దేశాలు తమ వ్యవస్థలు కట్టుకోవడానికి నిధి పెట్టుకున్నాయి, జర్మనీ తన వంతు 2 కోట్ల యూరోలు ఇస్తానంది. 2024 మార్చిలో ఇండియాతో కలిపి ఏడు దేశాల్లో వ్యవసాయ రసాయనాలు తగ్గించడానికి 37.9 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. ప్రపంచం లెక్కలో పెద్ద మొత్తాలేమీ కావు. కానీ శ్రీలంకలో ప్రాణానికి 50 డాలర్లని విన్నాక ఆ డబ్బుకు ఎంత బరువుందో తెలుస్తుంది. ఆ పథకం డబ్బులో మన జిల్లాకు ఏమొస్తుందని అడిగిన ఎమ్మెల్యే లేడు, ఎంపీ లేడు, జిల్లా పరిషత్ సమావేశం లేదు. అడగాలని మనకూ తోచలేదు.

మనకు కోపం రాదని కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్లు మా ఊరి ఇళ్ల గోడల మీద ఆ వెలుగు పడేది. విదేశాల నుంచి నిపుణులను రప్పించారు, డబ్బుకు వెనకాడలేదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి మనుషులు నిద్రలోనే మాడిపోయినప్పుడు మంత్రులందరూ వచ్చారు. 2011లో సార్వా వెయ్యబోమని రైతులు పంట విరామం పెడితే మోహన్ కందా కమిటీ వచ్చింది. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురం మండింది. మనం రోడ్డెక్కగలం, రోడ్డెక్కితే ప్రభుత్వం కదులుతుంది. మరి ఈ సీసా కోసం ఎందుకు ఎక్కం? మంట ఒక్కసారి వందమందికి కనిపిస్తుంది. ఇది ఒక్కో ఇంట్లో, ఒక్కో రాత్రి, తలుపులు వేసి జరుగుతుంది. జరిగినవాళ్లు సిగ్గుతో నోరు మూసుకుంటారు. పక్కింటివాళ్లు ‘పాపం’ అని, ‘తొందరపడ్డాడు’ అని తీర్పు చెప్పి వెళ్లిపోతారు. హరిత విప్లవం మొదలైన నాటి నుంచి ప్రపంచంలో కోటీ నలభై లక్షల మంది ఇలా పోయారని పరిశోధకుల అంచనా. అంతమందీ తొందరపడ్డవాళ్లేనా?

దుకాణం అతనితో మాట్లాడాను. మా ఊరివాడే, మా వాడి దహనానికి కట్టెలు వేయించినవాడు. “ఆయ్, నాకేమన్నా సరదానా అండి? గట్టు మీద గడ్డి కోయించాలంటే కూలోళ్లు దొరకట్లేదు. రైతు వచ్చి ఇదే అడుగుతాడు. కంపెనీ పంపుతుంది, గవర్నమెంటు లైసెన్సిచ్చింది. రేపు గవర్నమెంటు ఆపమంటే రేపే ఆపేస్తానండి” అన్నాడు. అతను చెప్పింది నిజమే. కూలీ కరువు నిజం. కౌలు రైతుకు సలహా చెప్పేవాడూ, అరువిచ్చేవాడూ ఆ దుకాణం అతనొక్కడే అన్నదీ నిజం. అందుకే రైతుకు బుద్ధులు చెప్పే పోస్టర్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ‘మందులు తాళం వేసి భద్రపరచండి’ అట! తలుపు లేని పాకకు తాళం ఎక్కడ వేయాలి? మిగతా కలుపు మందుల్లో ఇంత ప్రాణాంతకం కానివి ఉన్నాయి, గడ్డి కోసే మిషన్లున్నాయి, వాటికి రాయితీ ఇవ్వొచ్చు. ఇవన్నీ ఎవరో ఒకరు బల్ల దగ్గర కూర్చుని లెక్కేసి, కాగితం మీద పెట్టి, సంతకం చేయించవలసిన పనులు. ఆ ఒక్క మనిషికి జీతం ఇవ్వడానికి ఈ దేశానికి చేతులు రావడం లేదు.

రాష్ట్ర ప్రభుత్వానికి 60 రోజుల అధికారం ఉంది కదా, ముందు దాన్ని వాడండి. వాడి, ఆ 60 రోజుల్లో మన ఆస్పత్రులకు వచ్చిన కేసులెన్నో, వాటిలో ఏ మందు ఎన్నో రాయించండి. ఆ కాగితం పట్టుకుని ఢిల్లీ వెళ్లండి. కేసు షీటులో ఒక గడి పెంచడానికి ఎంత ఖర్చు? కాగితాలు మళ్లీ అచ్చు వేయించే ఖర్చు! ఈ పని చేయమని కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు. మూడు వారాలకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కరించబడినదని.

మరదలు సీసా పారేయమంటుంది, ఇంట్లో ఉంటే మంచిది కాదని. నాకు మనసొప్పడం లేదు. దీని మీద రిజిస్ట్రేషన్ నంబరుంది, తయారీ లైసెన్సు నంబరుంది, బ్యాచి నంబరుంది, తయారైన తేదీ ఉంది. ఆస్పత్రి వాళ్లు అడగలేదు. పోలీసులు ఒకసారి చూసి ఫొటో తీసుకుని ఇచ్చేశారు. వ్యవసాయ శాఖ అడగలేదు. ఎవరైనా వచ్చి ఏ మందండీ అది అని అడుగుతారేమోనని ఏడాదిన్నరగా చూస్తున్నాను. మళ్లీ సంచిలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను.